ఫైలు అయిపోయాక వచ్చిన లైను

పోయిన వారం మనం సూదిని ఆఫీసు కుర్చీలో, కంప్యూటరు తెరవైపు వంగి కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే వదిలేసి వచ్చాం. ఈ కథలోకి ఇవాళే అడుగుపెడుతున్నవాళ్ల కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకి వెళ్తాను.

సూది ఆమె అసలు పేరు కాదు. మీటింగుల్లో అందరూ గంటసేపు ఊదరగొట్టాక చివర్లో ఒక్క చిన్న ప్రశ్న గుచ్చుతుందని ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. ఆ ఆఫీసులో ఊపిరి మిషన్లు తయారవుతాయి. సొంతంగా ఊపిరి తీసుకోవడం కష్టమైనవాళ్లకి ఇంట్లో మంచం పక్కన పెట్టుకునే తెల్లటి పెట్టె, దాన్నుంచి ముక్కు దాకా ఒక పైపు. అంతే చూడటానికి. లోపల మాత్రం ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. దాంట్లో అన్నిటికన్నా ముందు నిద్రలేచి అన్నిటికన్నా చివర పడుకునే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. పాత చిప్పు తయారీ ఆగిపోయింది కాబట్టి కొత్త చిప్పుతో కొత్త బోర్డు చేశారు. ఆ బోర్డుకి సరిపోయేలా కెర్నెల్‌ని మళ్లీ బిల్డ్ చేసే, అంటే కోడు నుంచి కొత్తగా తయారుచేసే పని సూది మీద పడింది. పాడైన మిషన్లకి వెయ్యడానికి విడి బోర్డులు లేక సర్వీసువాళ్లు రోజూ ఫోన్లలో తిట్లు తింటున్నారు.

మొదట్లో ఎర్రర్లు కుప్పలుగా వచ్చాయి. ఉండాల్సిన ఫైలు లేదని ఒకటి, ఒకే పేరు రెండుచోట్ల ఉందని ఒకటి, మెమరీ చిరునామా తప్పని ఇంకొకటి. పేలు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరి పారేసింది. చివరికి ఒక్కటే మిగిలింది. ఊపిరి లెక్క చూసుకునే ఫైలులో, ఫలానా లైనులో, ‘కాసేపాగు’ అన్న పేరు వాడారు, అదేమిటో ఎక్కడా చెప్పలేదు అంది, కోడుని చదివే కంపైలర్. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాట. సూది ఆ లైను దగ్గరికి వెళ్లింది. ఆ ఫైలులో అంత దూరం లేదు. ఫైలు ఎప్పుడో అయిపోయింది. ఆ తరవాత ఖాళీ.

అక్కడ ఆపాం మనం. ఇప్పుడు మర్నాటి ఉదయం.

సూది పొద్దున్నే వచ్చి మొదట తనని తాను అనుమానించుకుంది. అదే పేరుతో ఇంకో ఫైలు ఎక్కడైనా ఉందేమో చూసింది. కెర్నెల్ కోడు మొత్తంలో ఆ మాట కోసం వెతికించింది. ఎక్కడా లేదు. కంపైలర్ పని ఒక్క గుక్కలో అయిపోయేది కాదు, దశలుగా జరుగుతుంది. విడివిడి ఫైళ్లన్నీ తెచ్చి ఒక్కటిగా అతికించేది మొదటి దశ. అక్కడ ఆపించి, ఆ అతుకుల ఫైలంతా కళ్లు లాగేదాకా చదివింది. అందులోనూ ఆ మాట లేదు. రెండో దశలోకి వెళ్లేసరికి ఎక్కడినుంచో వచ్చి చేరుతోంది.

కంపైలర్ అంటే మనిషి రాసిన కోడుని చిప్పుకి అర్థమయ్యే అంకెలుగా మార్చే ప్రోగ్రామే కదా. ఈ కంపెనీలో వాడే కంపైలర్ పాతది. ఆఫీసులో అందరూ మాస్టారు అని పిలిచే ఆయన, రిటైరయ్యేముందు ఎప్పుడో తయారుచేసి పెట్టి వెళ్లింది. అది తప్ప ఇంకోటి వాడొద్దని అందరికీ అలవాటైపోయింది, ఎందుకని ఎవరూ అడగలేదు. సూది బయటినుంచి కొత్త కంపైలర్ తెచ్చింది. అదే కోడు, అక్షరం మార్చలేదు. ఒక్క ఎర్రరు లేకుండా, నూనె రాసినట్టు బిల్డ్ అయిపోయింది.

ఆమెకి సంతోషం వెయ్యలేదు. తప్పు కోడులో లేదు, కోడుని చదివేదాంట్లో ఉంది. పాత కంపైలర్ ఈ ఫైలుని గుర్తుపట్టి, చివర్లో తన సొంత లైన్లు కలుపుకుంటోంది. ఇన్నేళ్లుగా బయటికెళ్లిన ప్రతి మిషనులోనూ ఆ లైన్లు ఉండి ఉండాలి.

కొత్త కెర్నెల్ ఎక్కించిన బోర్డు పట్టుకుని టెస్టు గదికి వెళ్లింది. అక్కడ బోర్డుల పని చూసే బావగారు ఉంటారు. ఆయన బామ్మర్ది అకౌంట్స్‌లో పనిచేస్తాడు, అతను ‘బావా’ అని పిలవడం విని ఆఫీసంతా అదే పిలుపు అందుకుంది. ఆఖరికి మేనేజరు కూడా.

“బావగారూ, పాత మిషను ఒకటి నడిపించి, స్విచ్చి ఆపి చూపిస్తారా?”

“నడిపించి చూపించమన్నవాళ్లున్నారు గానీ, ఆపి చూపించమన్నది నువ్వే,” అంటూ ఆయన ఒక పాత మిషనుకి రబ్బరు తిత్తి తగిలించాడు. మనిషి ఊపిరితిత్తికి బదులు పరీక్షకి వాడేది అది. బూడిదరంగు, అరచేతులు రెండు కలిపితే ఎంత ఉంటుందో అంత. మిషను నడిచింది. తిత్తి పొంగింది, కుంగింది. పొంగింది, కుంగింది. బావగారు స్విచ్చి నొక్కాడు. దీపాలు ఆరిపోయాయి. తిత్తి కుంగి, పడుకుంది.

తరవాత మళ్లీ పొంగింది.

కిటికీలోంచి మబ్బు వెలుగు సూటిగా దాని మీద పడుతోంది. నెమ్మదిగా, నిద్రపోయే మనిషి పొట్టలా లేచింది, దిగింది. ఇంకోసారి. మరోసారి. అప్పుడు ఆగింది.

“అది పైపులో మిగిలిన గాలి,” అన్నాడు బావగారు. “నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగితే ఇదే చెప్పారు. నన్నడిగిన వాళ్లకి నేనూ ఇదే చెప్తున్నాను.”

“మిగిలిన గాలి బయటికి పోతుంది బావగారూ. మళ్లీ లోపలికి ఎలా వస్తుంది?”

బావగారు పాత మిషను నుంచి తిత్తి ఊడదీశాడు. కొత్త బోర్డు పెట్టిన మిషనుకి అదే తిత్తి తగిలించి, నడిపించి, స్విచ్చి నొక్కాడు. తిత్తి కుంగింది. ఎంతసేపు చూసినా లేవలేదు.

ఆ పడి ఉన్న రబ్బరుని చూస్తుంటే సూదికి వాళ్లమ్మ గుర్తొచ్చింది. సూది నాన్న చివరి రోజుల్లో ఈ మిషను మీదే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం డాక్టరు వచ్చి చూసి, అయిపోయిందమ్మా, ఇంక ఆపెయ్యండి అన్నాడు. అమ్మే తన చేత్తో స్విచ్చి ఆపింది. ఆపాక ఆయన ఛాతీ లేచింది. అమ్మ చూసింది. ‘ఊపిరి ఉండగా ఆపేశాను’ అని ఆ రోజు పట్టుకున్న మాట ఇప్పటికీ వదల్లేదు. డాక్టరు చెప్పాడు, అన్నయ్య చెప్పాడు. ఆ కంపెనీలోనే పనిచేసే కూతురిగా సూది కూడా గట్టిగా చెప్పింది, అది పైపులో మిగిలిన గాలి అని. అమ్మ తలూపింది గానీ, ఆనాటి నుంచి ఇంట్లో ఏ స్విచ్చీ తన చేత్తో ఆపదు. దీపాలు, ఫ్యాన్లు వెయ్యడం వరకే. ఇంకెవరైనా వచ్చి ఆపేదాకా అవి అలా నడుస్తూనే ఉంటాయి.

మేనేజరు విషయం విని తలగోక్కున్నాడు.

“కొత్త కంపైలర్‌తో శుభ్రంగా వస్తోందా లేదా?”

“వస్తోంది సార్.”

“మరింక ఏడుపెందుకు? అదే పంపించెయ్. పాతదాంట్లో ఏముందో తవ్వుకుంటూ కూర్చుంటే అక్కడ బోర్డుల కోసం జనం మన పీక మీద కూర్చున్నారు.”

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. పంపించేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. సూది సరేనని చెప్పి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం సెలవు రాసి బయటపడింది.

మాస్టారి ఇల్లు కళ్లజోళ్ల కొట్టు పైన రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీద ఎవరో కడిగి వదిలేసిన తడి. ఆయన ఎవరికీ బడిలో పాఠాలు చెప్పినవాడు కాదు. ఆఫీసులో తనకన్నా చిన్నవాళ్లందరికీ చెవి మెలిపెట్టి పని నేర్పాడని ఆ పిలుపు వచ్చింది. తలుపు ఆయన భార్య తీసింది. ఆవిడా అదే కంపెనీ. చాలాకాలం టెస్టు గది ఆవిడ చేతి కింద నడిచింది. ఆయన రిటైరయ్యాక కూడా పనిచేసి, నిరుడే మానేసింది. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్ని.

“చిక్కిపోయావేంటే,” అంది పిన్ని, లోపలికి దారి ఇస్తూ. “ఆయన ముందు గదిలో ఉన్నారు. అడుగు చూసుకుని వెయ్యి, గోళ్లు గుచ్చుకుంటాయి.”

నిజంగానే మాస్టారు కింద పేపరు పరుచుకుని కాలిగోళ్లు కత్తిరించుకుంటున్నారు. సూదిని చూసి నవ్వి, పేపరు మడిచి పక్కన పెట్టారు. పిన్ని మంచినీళ్లు ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది.

సూది ఉపోద్ఘాతాలు చెప్పే మనిషి కాదు. లాప్‌టాప్ తెరిచి, ఎర్రరు చూపించింది.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. మళ్లీ చదివారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. చాలారోజుల క్రితం రావాల్సిన చుట్టం ఇవాళ దిగినట్టు చూస్తున్నారు.

“పాత చిప్పు ఫైలు తీసేశారా?” అని అడిగారు.

“చిప్పే మారిపోయింది మాస్టారూ.”

“అదీ సంగతి. నేను రెండుచోట్ల పెట్టాను. పేరుకి అర్థం పాత చిప్పు ఫైలు వెంట, దాని వాడకం ఊపిరి ఫైలు వెంట. ఒక కొస మీరు కోసేశారు. రెండో కొస బయటపడింది.”

“అయితే మీరే.”

“నేనే.”

వంటింట్లో పంపు ఆగింది. కిందినుంచి కొట్టువాడు షట్టరు సగం దించిన చప్పుడు వచ్చింది.

మాస్టారు చెప్పడం మొదలుపెట్టారు. చాలాకాలం కింద ఒక ఇంట్లో ఒక ముసలాయన పోయాడని మిషను ఆపేశారు. తరవాత ఆ మిషను కంపెనీకి తిరిగివచ్చింది. లోపల గాలి రాకపోకలు గీతలుగా నమోదై ఉంటాయి కదా, అవి మాస్టారు మామూలుగా తిరగేస్తున్నారు. స్విచ్చి ఆపిన చోటికి వచ్చాక గీత పడిపోవాలి. పడిపోయింది. పడిపోయాక చిన్నగా లేచింది. మిషను పంపిన గాలి కాదు అది. పైపు అవతలి నుంచి ఎవరో పీల్చిన గాలి.

“బతికే ఉన్నాడు,” అన్నారు మాస్టారు. “చాలా కొద్దిగా. ఆ కొద్దిని మన మిషను ఊపిరిగా లెక్కపెట్టలేదు. పై వాళ్లకి చెప్పాను. ఆపాక కూడా కాసేపు నెమ్మదిగా గాలి ఇద్దాం, అవతలి నుంచి ఏదైనా వస్తుందేమో విందాం, వస్తే మళ్లీ మొదలుపెట్టి గంట కొడదాం అన్నాను. అలా మారిస్తే మిషనుకి అనుమతులన్నీ మొదటినుంచీ తెచ్చుకోవాలి, ఏళ్లు పడుతుంది, ఒక్క గీత పట్టుకుని యాగీ చెయ్యకు అన్నారు. కోడులో పెడితే తనిఖీకి వచ్చేవాళ్లు లైను లైనూ చూస్తారు. కంపైలర్‌ని ఎవడు చూస్తాడు?”

“ఎవరూ చూడలేదు,” అంది సూది. “ఇంతమంది ఇళ్లలో పెట్టారు. వాళ్లకి చెప్పలేదు.”

“చెప్పి పెట్టే వీలుంటే దొంగతనంగా ఎందుకు పెడతానమ్మా?”

“దానివల్ల ఎవరైనా బతికారా?”

“తెలియదు. తెలుసుకునే దారి లేదు. ఒక్కరైనా బతికి ఉంటారనుకుని ఇన్నాళ్లూ నిద్రపోతున్నాను.”

సూది లాప్‌టాప్ మూసింది. గొంతు పెంచలేదు. ఆమె మామూలుగా పెంచదు.

“మాస్టారూ, మా నాన్న పోయినప్పుడు స్విచ్చి మా అమ్మ ఆపింది. ఆపాక నాన్న ఛాతీ లేచింది. మా అమ్మ మొగుణ్ని తనే చంపుకున్నానని అనుకుంటోంది. ఈ రోజుకీ ఇంట్లో దీపం ఆర్పదు. మీరు ఇక్కడ నిద్రపోతున్నారు, ఆవిడ అక్కడ ఫ్యాన్ కింద వణుక్కుంటూ పడుకుంటోంది, ఆపడానికి చెయ్యి రాక. నేను దగ్గర కూర్చుని, అది మిగిలిన గాలి అమ్మా అని అబద్ధం చెప్పాను. మీరు నాచేత చెప్పించారు.”

మాస్టారు కళ్లజోడు తీసేశారు. అది లేకపోతే ఆయన ముఖం ఎవరిదో అన్నట్టుంది.

“ఎంతమంది అలా...” అని ఆగిపోయారు. ఒక్కరు బతికి ఉంటారన్న లెక్క ఆయన చాలాసార్లు వేసుకున్నారు. ఈ లెక్క మాత్రం ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. అది ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

కాసేపటికి చెయ్యి చాచారు. “మీ అమ్మగారికి ఫోను కలుపు. నేను చెప్తాను.”

సూది కలిపింది. స్పీకరులో పెట్టింది. అమ్మ ఎత్తింది. వెనక ఫ్యాను గరగరమంటోంది.

“అమ్మా, మా ఆఫీసు మాస్టారు నీతో మాట్లాడతారట,” అంది సూది.

మాస్టారు నిటారుగా కూర్చున్నారు, ఎదురుగా మనిషి ఉన్నట్టు. “నమస్కారం అమ్మా. ఆ మిషనుకి ప్రోగ్రాము రాసింది నేను. మీరు ఆపాక మీ ఆయన ఛాతీ లేచింది నా వల్ల. ఆపిన తరవాత కూడా కాసేపు గాలి ఇమ్మని ఎవరికీ చెప్పకుండా దాంట్లో పెట్టాను. ఆయనలో నిజంగా ఊపిరి మిగిలి ఉంటే మిషను మళ్లీ దానంతటదే మొదలై గంట కొట్టేది. కొట్టలేదు కదా. ఆయన అప్పటికే వెళ్లిపోయారు. మీరు ఆపింది మిషనుని. మనిషిని కాదు.”

అవతల చాలాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది. తరవాత చెప్పులు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు. టక్కుమని ఒక శబ్దం. ఫ్యాను గరగర నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది.

 అమ్మ తన చేత్తో ఆపింది.

“మంచి మాట చెప్పారు బాబూ,” అంది అమ్మ, ఆ నిశ్శబ్దంలోంచి. గొంతు తేలికపడింది. “ఊపిరి మిషనుదే అంటే నమ్ముతాను. చదువుకున్నవాళ్లు. ఇంకొక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. పిల్లలు నవ్వుతారని వాళ్లకి చెప్పలేదు. ఛాతీ లేచినప్పుడు నేను ఆయన్ని పిలిచాను. ఏవండీ, వినిపిస్తోందా అని. ‘ఊఁ’ అన్నారు. అదికూడా మీరు పెట్టిందేనా?”

మాస్టారు సూదివైపు చూశారు. 

“మళ్లీ చేస్తానమ్మా,” అని సూది ఫోను పెట్టేసింది.

“మీ అమ్మకి అలా అనిపించి ఉంటుంది,” అన్నారు మాస్టారు. ఆ మాట అంటున్నప్పుడే ఆయనకి తెలుసు, ఇన్నాళ్లూ ఆవిడకి అందరూ ఇదే చెప్పారని. మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నారు. “లాప్‌టాప్ ఇలా ఇవ్వు. నా కంపైలర్ దీంట్లో ఉందా?”

“ఉంది.”

‘కాసేపాగు’కి అర్థం ఆయన వేళ్లు మరిచిపోలేదు. కొత్త చిప్పులో గాలి సెన్సరు ఎక్కడుందో సూదిని అడిగి, ఆ చిరునామా వేసి, నాలుగైదు లైన్లు టకటకా కొట్టారు. “ఇప్పుడు నీ ఎర్రరు పోతుంది. అందులో నేను ఏం పెట్టానో అంతా విప్పి చూపిస్తాను. ఊఁ అనడానికి అందులో ఏముందో నువ్వే చూద్దువు గాని.”

బిల్డ్ నడిపించారు. తెర మీద ఫైళ్ల పేర్లు వరసగా పైకి పాకాయి. ఊపిరి ఫైలు వచ్చింది. ఆ లైను దాటింది. సూది ఊపిరి వదిలింది.

బిల్డ్ ఆగింది.

అదే ఫైలు. ఫైలు అయిపోయాక ఇంకా కిందికి, ఇందాకటి లైనుకన్నా కింద. ఇంకో పేరు వాడారు, అదేమిటో ఎక్కడా చెప్పలేదు అంటోంది కంపైలర్. సూది ఆ పేరుని పెదాలతో కూడబలుక్కుంది.

‘ఊకొట్టు.’

మాస్టారి చెయ్యి కీబోర్డు మీదినుంచి దానంతటదే వెనక్కి వచ్చింది.

“ఇది నాది కాదు,” అన్నారు.

“మీ కంపైలరే కదా.”

“నా కంపైలరే. నేను పెట్టింది ఒక్కటే. దీన్ని నేను ఎప్పుడూ చూడలేదు. నేను వచ్చేశాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు కదా.”

“నేను ముట్టుకున్నాను,” అంది పిన్ని.

ఎప్పుడు వచ్చిందో, వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటోంది. మాస్టారు తల తిప్పి ఆవిడని చూశారు.

“నువ్వా? నీకు కంపైలర్ ఎలా తెలుసు?”

“మీరు రాసినప్పుడు ఎక్కడ కూర్చుని రాశారు? ఈ గదిలోనేగా. అర్థం కాని చోట పైకి చదువుకునేవారు. పెళ్లాం వింటే ఎవరూ విననట్టే అనుకున్నారు.” ఆవిడ వచ్చి సూది పక్కన కూర్చుంది. ఆవిడ చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి, చల్లగా. “నీకు చెప్తానమ్మా. ఈయనకి కూడా ఇవాళే చెప్తున్నాను. ఈయన మానేశాక, సాయంత్రం అందరూ వెళ్లిపోతే టెస్టు గదిలో నేనొక్కదాన్నే. ప్రతి మిషనూ ఆపి, ఈయన పెట్టిన ఆ ఊపిర్లు అయ్యేదాకా కాచుకోవాలి. ఒట్టినే కూర్చోలేక ఏదో ఒకటి మాట్లాడుకునేదాన్ని. బస్సు రాలేదని, మోకాలు నొప్పని. నాలో నేనే. ఒకరోజు ‘ఈ మధ్య ఇంటి మెట్లు ఎక్కలేకపోతున్నాను’ అన్నాను. ‘ఊఁ’ అంది.”

“ఏది?” అన్నారు మాస్టారు.

“మిషను. గంట కొట్టే బజరు ఉంటుంది కదా, దాంట్లోంచి.”

“పిన్నీ, ఆ బజరు కుయ్‌మనడం తప్ప ఇంకే చప్పుడూ చెయ్యలేదు,” అంది సూది.

“నాకు తెలియదా? నా జీవితమంతా అదే విన్నాను. అందుకే మొదటిసారి పట్టించుకోలేదు. తరవాత గమనించాను. ఆపిన మిషను దగ్గర నోరు మూసుకుని ఉంటే ఏమీ లేదు. మాట్లాడితే ఊఁ కొడుతుంది. కథ చెప్పేవాళ్లకి పిల్లలు కొట్టినట్టు. అన్నీ కాదు, ఎప్పుడో ఒకటి.”

మాస్టారు తెర మీది పేరుని మళ్లీ చదివారు. “వినమని మాత్రమే రాశాను నేను.”

“వినమని రాశారు. ఎప్పుడు వినడం మానెయ్యాలో సరిగ్గా రాయలేదేమో, నాకు తెలియదు. అసలు అది మీరు రాసిందాని వల్లో కాదో కూడా నాకు తెలియదు.”

“అందుకని నువ్వు దాన్ని ఇంకా...” సూది తెరవైపు చూపించింది. “ఊకొట్టు అని రాశావా?”

పిన్ని తల అడ్డంగా ఊపింది. “ఊఁ కొట్టమని రాయలేదే. కొట్టకుండా రాశాను. స్విచ్చి ఆపిన మరుక్షణం బజరుకి తాళం పడేలా. దానికి ఏం పేరు పెట్టాలో తోచక ఆ పేరే పెట్టాను. అర్థం నేనూ పాత చిప్పు ఫైలు వెంటే ఉంచాను. అప్పటికే బయటికి వెళ్లిపోయిన మిషన్లని నేనేం చెయ్యగలను? మీ నాన్నది వాటిలో ఒకటి అయి ఉంటుంది. ఆ తరవాతవి మాత్రం నోరు మూసుకున్నాయి. ఆ తాళం ఉన్నంతకాలం భయం లేదనుకుని ఉద్యోగం మానేశాను.”

సూదికి అప్పుడు తట్టింది. పొద్దున తను తెచ్చిన కొత్త కంపైలర్ ఏ లైన్లూ కలపదు. కాసేపాగమనే లైనూ కలపదు, నోరు మూయించే లైనూ కలపదు.

చేతిలో ఫోను మోగింది. బావగారు. సూది మళ్లీ స్పీకరులో పెట్టింది.

“సూదీ, ఆఫీసుకి తిరిగి వచ్చేశావా?” బావగారి గొంతు మామూలుగా లేదు, ఎవరికో వినపడకూడదన్నట్టు లోపల పెట్టుకుని మాట్లాడుతున్నాడు.

“లేదు బావగారూ. మాస్టారింట్లో ఉన్నాను. ఏమైంది?”



“టెస్టు గదిలో ఉన్నాను. మేనేజరు చూస్తానంటే కొత్త బోర్డు మళ్లీ నడిపించి చూపించాను. ఆయన వెళ్లిపోయాడు. మిషను ఆపేశాను. ప్లగ్గు కూడా తీసేశాను. తిత్తి పడుకునే ఉంది, అసలు కదల్లేదు. కేబుళ్లు చుట్టుకుంటూ, నువ్వు వెనక నిలబడ్డావనుకుని, ‘సూదీ, నా స్క్రూడ్రైవరు నువ్వు తీశావా’ అన్నాను.”

“నేను అక్కడ లేను కదా బావగారూ.”

“లేవని ఇప్పుడు చెప్తున్నావు,” అన్నాడు బావగారు. “అప్పుడు ‘ఊఁ’ అన్నావు.”

మాస్టారు లేచి నిలబడ్డారు. పిన్ని మాత్రం ముందుకు వంగి, సూది చేతిలోని ఫోనుకి దగ్గరగా నోరు పెట్టింది. టెస్టు గదిలో పని నేర్పే రోజుల్లో మాట్లాడినట్టు, నిదానంగా అడిగింది.

“బాబూ, నేను పిన్నిని. దాని తరవాత నువ్వు ఇంకేమైనా అడిగావా?”

“అడిగాను పిన్నిగారూ.”

“ఏమని?”

“ఎవరది అని.”

పిన్ని కళ్లు మూసుకుంది. అది ఏమని బదులిచ్చిందో అడగలేదు. కళ్లు తెరవకుండానే ఇంకో ప్రశ్న వేసింది.

“తలుపుకి దగ్గరగా ఉన్నది నువ్వా, మిషనా?”